అల్బుమిన్ అంకె, అన్నం ముద్ద: కడుపు క్యాన్సర్ రోగి ఇంటివారు చేయవలసినవి, చేయకూడనివి

కడుపు క్యాన్సర్ అని తేలిన ఇంట్లో మొదటి వారమంతా రిపోర్టుల చుట్టూనే తిరుగుతుంది. ఎండోస్కోపీ, ముక్క పరీక్ష, సీటీ స్కాన్. గడ్డ ఎంత లోతుకు దిగింది, లింఫు గ్రంథులకు పాకిందా, కాలేయం దాకా వెళ్ళిందా అన్నది చూసి డాక్టర్లు దశ చెబుతారు. అదే ఫైలు అడుగున ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండు కాగితాలుంటాయి: సీబీపీ, లివర్ ఫంక్షన్ టెస్టు. ఒకే దశలో ఉన్న ఇద్దరిలో ఒకరు ఆపరేషన్‌ని, కీమోని తట్టుకుని నిలబడతారు, మరొకరు మధ్యలోనే కుదేలైపోతారు. ఈ తేడాకు కారణం కొంతవరకు ఆ రెండు కాగితాల్లోనే దొరుకుతుంది. రక్తంలో అల్బుమిన్ ఎంత, లింఫోసైట్లు ఎన్ని, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే సీఆర్‌పీ ఎంత, ఆరు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారు అన్నవి కలిపి చూస్తే రోగి చికిత్సను ఎంతవరకు తట్టుకోగలడో చాలావరకు అంచనా వేయవచ్చు.

గడ్డ దశ మన చేతిలో లేదు. ఈ అంకెల్లో కొన్ని మాత్రం తిండితో, నడకతో, సమయానికి అందిన వైద్యంతో మారతాయి. అందుకే వీటిని జోస్యంలా వినకండి. ఈ వారం ఏం చేయాలో చెప్పే సూచనలుగా తీసుకోండి.

రోగం తేలకముందు

‘గ్యాసేలే’ అనుకుని మందుల షాపులో పాంటాప్రజోల్ కొనుక్కుని నెలల తరబడి మింగకండి. ఆ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. క్యాన్సర్ పుండు ఉన్నా కొన్నాళ్ళు మానినట్టు కనిపించేలా చేసి, అసలు సంగతి బయటపడకుండా ఆలస్యం చేయగలదు. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం, మింగుడు పడకపోవడం, తారులాంటి నల్లటి విరేచనం, కారణం తెలియని రక్తహీనత, తగ్గాలని అనుకోకుండానే బరువు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎండోస్కోపీ చేయించండి. బెల్టుకు కొత్త బెజ్జం పెట్టాల్సి వస్తే, జాకెట్లు వదులైతే ‘సన్నబడ్డారు, మంచిదే’ అని మెచ్చుకోకండి.

‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలో సీఈఏ, సీఏ 19-9 అనే క్యాన్సర్ మార్కర్లు నార్మల్‌గా వచ్చాయని ధీమాగా ఉండకండి. కడుపు క్యాన్సర్‌ని తొలి దశలో పట్టుకోవడానికి ఈ పరీక్షలు పనికిరావు. గడ్డ ఉన్నా చాలామందిలో ఇవి పెరగవు. గడ్డ లేకపోయినా పొగ తాగేవారిలో సీఈఏ, కామెర్లు వచ్చినవారిలో సీఏ 19-9 పెరగవచ్చు. కొందరి శరీరం పుట్టుకతోనే సీఏ 19-9ని తయారుచేయదు. వాళ్ళలో రోగం ఎంత ముదిరినా ఆ అంకె పైకి లేవదు. రోగం తేలాక, చికిత్సకు ముందు ఎక్కువగా ఉన్న మార్కర్ తర్వాత తగ్గుతోందా పెరుగుతోందా అని చూసుకోవడానికే ఇవి ఉపయోగం.

అంకెలు చదివేటప్పుడు

జపాన్ సర్జన్ ఒనొడెరా 1984లో ఒక లెక్క ఇచ్చారు. దాన్ని ప్రోగ్నోస్టిక్ న్యూట్రిషనల్ ఇండెక్స్, అంటే పీఎన్ఐ అంటారు. అల్బుమిన్‌ని 10తో గుణించాలి, మొత్తం లింఫోసైట్ల సంఖ్యను 0.005తో గుణించాలి, రెండూ కూడాలి. ఉదాహరణకు అల్బుమిన్ 3.2, తెల్లకణాలు 7,000, వాటిలో లింఫోసైట్లు 20 శాతం అనుకుందాం. లింఫోసైట్లు 1,400 అవుతాయి. 32కు 7 కలిపితే 39. పొట్ట, పేగుల ఆపరేషన్లలో 45 పైన ఉంటే నిబ్బరంగా ముందుకు వెళ్ళవచ్చని, 40 కంటే తక్కువైతే పేగు కోసి అతికే ఆపరేషన్‌కు తొందరపడవద్దని ఒనొడెరా గీత గీశారు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ గీతను ఒక్కొక్కటి ఒక్కో చోట పెట్టాయి. కాబట్టి 44.5 వచ్చిందని కుమిలిపోవడం, 45.5 వచ్చిందని ఊపిరి పీల్చుకోవడం రెండూ తగవు.

లెక్క వేసే ముందు యూనిట్లు చూడండి. మన ల్యాబుల్లో అల్బుమిన్‌ని సాధారణంగా డెసిలీటరుకు ఎన్ని గ్రాములో రాస్తారు. విదేశీ వెబ్‌సైట్లలో లీటరుకు లెక్క కడతారు కాబట్టి ఇక్కడి 3.2 అక్కడ 32 అవుతుంది. సీఆర్‌పీతోనూ ఇదే చిక్కు. గ్లాస్గో వైద్యులు రూపొందించిన స్కోరులో సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిందా, అల్బుమిన్ 3.5 కంటే తగ్గిందా అని చూస్తారు. రెండూ ఉంటే స్కోరు 2, అంటే గట్టి హెచ్చరిక. డెసిలీటరు లెక్కలో ఇచ్చిన సీఆర్‌పీని లీటరు లెక్క అనుకుంటే ఆ హెచ్చరిక మన కళ్ళు కప్పి పోతుంది.

న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే ఎన్ఎల్ఆర్ గురించి కూడా వింటారు. 70 శాతం, 20 శాతం ఉంటే 3.5. ఇది ఎక్కువగా ఉన్నవారి ఫలితాలు సగటున తక్కువగా ఉంటాయని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. అయితే జ్వరం, పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ మాత్రలు, మొన్నటి కీమో, ఇవన్నీ ఆ అంకెను తారుమారు చేస్తాయి. కొలెస్టరాల్‌ని కలిపి లెక్కించే కోనట్ స్కోరును స్టాటిన్ మాత్రలు తప్పుదారి పట్టిస్తాయి. కాబట్టి రక్తం ఇచ్చిన రోజున జ్వరం ఉందా, ఏ మందులు వాడుతున్నారు అన్నది రిపోర్టు మీదే పెన్నుతో రాసిపెట్టండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ఒక్క రిపోర్టు చూసి ఏదీ తేల్చకండి, వరుసగా రెండు మూడు పక్కపక్కన పెట్టి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, ఈ అంకెల్ని ఫోన్‌లో వెతికి ‘ఇంకెన్నాళ్ళు?’ అన్న లెక్క కట్టకండి. ఆ అధ్యయనాలు వందలమంది సగటు చెబుతాయి. ఆ వందల్లో మీ నాన్నగారు ఎక్కడ ఉన్నారో అవి చెప్పలేవు. రోగి వినేలా ‘స్కోరు తక్కువ వచ్చిందట’ అని పక్కగదిలో మాట్లాడుకోకండి. డాక్టరు గారిని అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ‘ఈ అంకె ఎందుకు తగ్గింది, దీన్ని పెంచడానికి మనకు ఎంత సమయం ఉంది?’

అల్బుమిన్ సీసా, సెలైన్ సీసా

అల్బుమిన్ తగ్గిందనగానే అల్బుమిన్ ఎక్కించమని డాక్టర్ని ఒత్తిడి చేయకండి. అల్బుమిన్‌ని కాలేయం తయారుచేస్తుంది. క్యాన్సర్ వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రగులుతున్నప్పుడు కాలేయం ఆ పని తగ్గించి సీఆర్‌పీలాంటి ప్రొటీన్ల తయారీలో పడుతుంది, ఉన్న అల్బుమిన్ రక్తనాళాల్లోంచి బయటికి జారిపోతుంది. తిండి సరిగా లేకపోవడం దానికి తోడవుతుంది. కాలేయ జబ్బు, మూత్రంలో ప్రొటీన్ పోవడం కూడా కారణాలే. అంటే పోషణ లోపం ఒక్కటే ఆ అంకెను దించదు. వేల రూపాయలు పోసి సీసా ఎక్కిస్తే కాగితం మీద అంకె రెండు రోజులు పెరుగుతుంది గానీ కండ పెరగదు, కుట్లు గట్టిపడవు. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో డాక్టర్లే అవసరమని ఎక్కిస్తారు, ఆ సంగతి వేరు. బలం కోసమని మీరు అడగవద్దు. ఆ డబ్బు గుడ్లకు, పాలకు, చేపలకు, డైటీషియన్‌కు పెట్టండి.

సెలైన్ విషయంలో అపోహ ఇంకా పెద్దది. ‘ఏమీ తినడం లేదు, ఒక గ్లూకోజ్ పెట్టించండి’ అంటాం. 5 శాతం గ్లూకోజ్ ఉన్న అరలీటరు సీసాలో చక్కెర 25 గ్రాములు, శక్తి 85 కేలరీల పాటి. దాదాపు రెండు చిన్న ఇడ్లీలతో సమానం. ప్రొటీన్ అసలే లేదు. నీరు తగ్గినప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది, కానీ అది భోజనం కాదు.

ఆపరేషన్‌కు ముందు

‘లంఖణం పరమౌషధం’ అన్నది మన పెద్దల మాట. ఒక్కపూట అజీర్తికి అది సరేననుకున్నా, కడుపు క్యాన్సర్ రోగికి అది విషం. ‘తీపి తింటే, గుడ్డు తింటే గడ్డ పెరుగుతుంది’ అన్న మాటలు నమ్మి రోగికి నచ్చిన నాలుగు పదార్థాలూ ఆపేయకండి. మీరు తిండి ఆపినంత మాత్రాన గడ్డ ఆగదు. అది రోగి కండల్లోంచి తనకు కావలసింది లాక్కుంటుంది.

వారానికి ఒకసారి, ఒకే తూకం మీద, ఉదయం మూత్రవిసర్జన తర్వాత బరువు చూసి తేదీతో రాయండి. ఆరు నెలల క్రితం బరువు గుర్తు లేకపోతే పాత ఆసుపత్రి చీటీల్లో వెతకండి. 60 కిలోల మనిషి 54కు దిగితే 10 శాతం పోయినట్టు. ఆరు నెలల్లో 10, 15 శాతానికి మించి తగ్గినా, బీఎంఐ 18.5 కంటే తక్కువైనా, కాలేయం, మూత్రపిండాలు బాగానే ఉండి అల్బుమిన్ 3 కంటే తగ్గినా అది తీవ్రమైన ప్రమాదమని యూరప్ పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ చెబుతుంది. అలాంటి రోగికి 7 నుంచి 14 రోజులు గట్టి పోషణ ఇచ్చి ఆ తర్వాతే పెద్ద ఆపరేషన్ చేయాలనీ, క్యాన్సర్ ఆపరేషన్ ఆ మేరకు వాయిదా పడినా ఫర్వాలేదనీ దాని సలహా. ‘ఎంత త్వరగా కోస్తే అంత మంచిది’ అని సర్జన్ని తొందరపెట్టే బంధువులు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. ఆ రెండు వారాలు వృథా కావు. అతికిన పేగు ఊడకుండా, చీము పట్టకుండా కాపాడడంలో వాటి పాత్ర చాలా ఉంది.

బరువు ఒక్కోసారి మోసం చేస్తుంది. కాళ్ళ వాపు, పొట్టలో నీరు ఉంటే తూకం కదలదు, లోపల కండ కరిగిపోతూనే ఉంటుంది. డాక్టర్లు సీటీ స్కాన్‌లో నడుము దగ్గర మూడో వెన్నుపూస వద్ద కండ ఎంత ఉందో కొలవగలరు. ఇంట్లో మీరు చేయగల పరీక్ష కూడా ఉంది. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, పడిపోకుండా పక్కన నిలబడండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ సత్తువ తగ్గినట్టు అనుమానించాలి. ఈ సంగతి డాక్టరుకు చెప్పండి. రోగి ఓపికను బట్టి రోజూ కాసేపు నడిపించండి. మంచానికే అంటిపెట్టుకున్నవారిలో తిన్న ప్రొటీన్ కండగా మారడం కష్టం.

ఎంత తినాలి? కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, ప్రొటీన్ 1 నుంచి 1.5 గ్రాములు. 50 కిలోల మనిషికి ప్రొటీన్ 50 నుంచి 75 గ్రాములన్నమాట. రెండు గుడ్లు, 400 మిల్లీలీటర్ల పాలూ పెరుగూ, ఒక కప్పు గట్టి పప్పు, వంద గ్రాముల చేప, గుప్పెడు వేరుశనగపప్పు కలిపితే అరవైకి దగ్గరగా వెళతాం. శాకాహారులైతే చేప స్థానంలో పనీరు, పెసరట్టు, మీల్‌మేకర్. అన్నీ మూడు పూటల్లో పట్టవు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. అన్నంలో ఒక చెంచా నెయ్యి అదనంగా వేస్తే నలభై అయిదు కేలరీలు చేరతాయి, పొట్ట మాత్రం నిండదు. పలచటి గంజి, మజ్జిగ తేట, కొబ్బరినీళ్ళతో పొట్ట నింపేసి ‘రోజంతా ఏదో ఒకటి తాగుతూనే ఉన్నారు’ అని సంతృప్తి పడకండి. డయాబెటిస్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క మారుతుంది. ప్రొటీన్ పొడులు కూడా డాక్టర్ని అడిగే కొనండి.

గడ్డ అడ్డుపడి తిండి దిగకపోతే ముక్కు ద్వారానో, పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి పేగులోకో గొట్టం వేస్తామంటారు. ‘గొట్టం వేశారంటే ఇక అయిపోయినట్టే’ అని వద్దనకండి. పేగు పనిచేస్తున్నంతవరకు దాని ద్వారా ఇచ్చే ఆహారమే రక్తనాళం ద్వారా ఇచ్చేదానికంటే మేలు. చాలామందికి అది కొన్ని వారాల ఏర్పాటు మాత్రమే.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. పది రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి గొట్టం వేసిన రోజే, లేదా వాంతులు ఆగిన రోజే, ఆశగా ఒక్కసారిగా నిండా పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటివారికి ముందు బి1 విటమిన్ ఇచ్చి, చాలా తక్కువ కేలరీలతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ రోజురోజుకూ పెంచుతారు. ఎన్ని రోజులుగా తినలేదో డాక్టరుకు దాచకుండా చెప్పడం మీ బాధ్యత.

ముక్క పరీక్ష బ్లాకు

రక్తంలో చూసే అంకెలు మనిషి బలం చెబితే, గడ్డ ముక్క మీద చేసే పరీక్షలు ఏ మందు పనిచేస్తుందో చెబుతాయి. హెర్2 అనే ప్రొటీన్ పాజిటివ్ అయితే కీమోకు ట్రాస్టుజుమాబ్ అనే మందు కలుపుతారు. టోగా అనే క్లినికల్ ట్రయల్‌లో అలా కలిపినప్పుడు ముదిరిన రోగుల సగటు ఆయుష్షు 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగిందని 2010లో తేలింది. ఎంఎస్ఐ, అంటే కణాల డీఎన్ఏ మరమ్మతు లోపాన్ని చూపే గుర్తు, ఎక్కువగా ఉన్న గడ్డలకు ఇమ్యునోథెరపీ బాగా పనిచేస్తుంది. పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ స్కోరూ ఇమ్యునోథెరపీ నిర్ణయానికి సాయపడుతుంది. క్లాడిన్ 18.2 అనే ప్రొటీన్ మీద పనిచేసే జోల్బెటుక్సిమాబ్‌కు మొట్టమొదట 2024లో జపాన్‌లో అనుమతి వచ్చింది.

కాబట్టి ముదిరిన దశ అంటే ఈ పరీక్షలు చేశారా అని అడగండి. హెర్2 గడ్డలో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎండోస్కోపీలో ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయడం మేలు. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు జిరాక్సుతో సరిపెట్టకండి. గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి, ఎండకూ వేడికీ దూరంగా పెట్టండి. ఆ బ్లాకు పోతే మళ్ళీ ఎండోస్కోపీ చేయించవలసి వస్తుంది, ఒక్కోసారి అప్పటికి రోగికి ఆ ఓపిక ఉండదు. ఆరోగ్యశ్రీ కార్డు మీద చికిత్స జరుగుతుంటే వీటిలో ఏ పరీక్ష, ఏ మందు పథకం కిందికి వస్తుందో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఇల్లు తాకట్టు పెట్టాక అడగకండి.

కోసిన తర్వాత, కీమో నడుస్తుండగా

ఆపరేషన్ తర్వాత బ్రెడ్డు, సగ్గుబియ్యం జావ, రవ్వ గంజితో నెలల తరబడి పథ్యం పెట్టడం మన ఇళ్ళలో మామూలు. ‘పప్పు తింటే చీము పడుతుంది’ అని చెప్పేవారు వీధికొకరుంటారు. గాయం మానడానికి కావలసిందే ప్రొటీన్. డాక్టరు మెత్తటి ఆహారం పెట్టమన్న రోజు నుంచి గుడ్డు, మెత్తటి పప్పు, చేప, పెరుగు పెట్టండి. కడుపు మొత్తం తీసేసినవారిలో చాలామంది తొలి నెలల్లోనే 10, 15 శాతం బరువు కోల్పోతారు. ఆపరేషన్ తర్వాత బరువు బాగా తగ్గినవారు ఎస్-1 అనే కీమో మాత్రను మధ్యలోనే ఆపేయవలసి వచ్చిందని జపాన్ సర్జన్లు 2013లో చూపించారు. చికిత్స పూర్తికాకపోతే ఆపరేషన్ ఫలం కూడా తగ్గిపోతుంది.

కడుపు లేకపోతే తిన్నది నేరుగా పేగులోకి జారుతుంది. గ్లూకోజ్ నీళ్ళు, పళ్ళరసం, పంచదార వేసిన పాలు గ్లాసుడు ఒక్కసారిగా ఇవ్వకండి. గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు వస్తాయి. భోజనంతోపాటు గ్లాసుల కొద్దీ నీళ్ళు వద్దు, అరగంట ఎడం ఇవ్వండి. రోజుకు ఆరుసార్లు, కొంచెం కొంచెం, బాగా నమిలి తినాలి. తిన్న వెంటనే పడుకోనివ్వకండి.

కీమో నడిచేటప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకండి, రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. తెల్లకణాలు తగ్గిన మనిషికి గంటలు లెక్క. చెట్లమందులు, పసర్లు డాక్టరుకు తెలియకుండా కలపవద్దు. కాలేయం దెబ్బతింటే కీమో ఆగిపోతుంది.

పిల్లల గురించి కూడా ఒక మాట. తల్లికో తండ్రికో కడుపు క్యాన్సర్ వస్తే, పెద్దవాళ్ళైన కొడుకులూ కూతుళ్ళూ, తోబుట్టువులూ హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష గురించి డాక్టర్ని అడగాలి. కొరియాలో ఇలాంటి బంధువులకు ఆ క్రిమిని తొలగించే మందులిచ్చి తొమ్మిదేళ్ళకు పైగా గమనించారు. మందులు పొందినవారిలో 1.2 శాతానికి, పొందనివారిలో 2.7 శాతానికి క్యాన్సర్ వచ్చిందని 2020లో ప్రకటించారు.

ముదిరిన దశలో

నాలుగో దశ అనగానే తిండి గురించి పట్టించుకోవడం మానేయకండి. పెకింగ్ విశ్వవిద్యాలయ క్యాన్సర్ ఆసుపత్రి నేతృత్వంలో, ముదిరిన కడుపు, అన్నవాహిక క్యాన్సర్ ఉన్న 328 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ కీమో ఒక్కటే. ఒక జట్టుకు మొదటినుంచీ పోషకాహార నిపుణులు, మానసిక నిపుణులు తోడున్నారు. ఆ జట్టు సగటున 14.8 నెలలు, రెండో జట్టు 11.9 నెలలు బతికారని 2021లో వెలువడింది. ఇది కొత్త మందుతో వచ్చే లాభానికి తీసిపోనిది. మందు ధర అడిగినంత గట్టిగా డైటీషియన్ని అడగండి.

అయితే చివరి వారాల్లో ఆకలి పూర్తిగా చచ్చిపోతుంది, శరీరం తిండిని వాడుకోలేదు. అప్పుడు బతిమాలి, గద్దించి, నోట్లో కుక్కకండి. ‘మా కోసమైనా తిను’ అనకండి. తినలేకపోవడం రోగి మొండితనం కాదు. ఆ దశలో నొప్పికీ వాంతులకీ మందులు, నోరు శుభ్రంగా తడిగా ఉంచడం, ఇష్టమైనది రెండు చెంచాలు చాలు. పాలియేటివ్ వైద్యులను కలవండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

కోలుకున్నవారికి

కడుపు మొత్తం తీసేసినవారు బి12 ఇంజక్షన్ జీవితాంతం మానకూడదు. ఆహారంలోని బి12ని పేగు పీల్చుకోవడానికి కావలసిన పదార్థం కడుపులోనే తయారవుతుంది. కాలేయంలో నిల్వ కొన్నేళ్ళు సరిపోతుంది కాబట్టి ఇంజక్షన్ మానేసిన వెంటనే ఏమీ తెలియదు. చాలాకాలం తర్వాత అరికాళ్ళ తిమ్మిర్లు, నడక తూలడం, మతిమరుపు మొదలవుతాయి, ఆలస్యమైతే నరాల దెబ్బ పూర్తిగా మానదు. బలం ఇంజక్షన్ ఎన్నాళ్ళని ఆపేయకండి. ఐరన్, కాల్షియం, విటమిన్ డి కూడా ఏడాదికోసారైనా చూపించండి. ఆసుపత్రి ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ‘కడుపు పూర్తిగా తీసేశారు’ అని, ఆపరేషన్ తేదీ, చివరి బి12 ఇంజక్షన్ తేదీ రాసి పెట్టండి. పదేళ్ళ తర్వాత కాళ్ళ నొప్పులకని వేరే ఊళ్ళో ఎవరో డాక్టరుకు చూపించినా, ఆయన ముందుగా చూడవలసిన సంగతి అదే.